గుట్ట ఊఁ కొట్టింది

మా అత్తమ్మ ఏదైనా చెబుతుంటే వినేవాళ్లు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ అక్కడికక్కడే ఆగిపోతుంది. దొంగ గోడెక్కి కూర్చున్నా సరే, ఇక అటు దూకడు, ఇటు దిగడు. "ఊఁ కొట్టనోళ్లకు కథేంది" అని కొంగు దులుపుకుని లేచిపోతుంది. ఈ సంగతి మా ఇంటికి పాలు పోసే ఆమెకు కూడా తెలుసు. తెలియనిదల్లా ఖమ్మం నుంచి భోజనానికి వచ్చిన పెద్దాయనకే. ఆయనకు తెలియకపోవడం వల్ల నాకు ఎంత గొప్ప రోజు దొరికిందో చెబుతాను.

అప్పుడు నేను బూర్గంపాడు దగ్గర సర్కారు హైస్కూల్లో సైన్సు టీచర్ని. భద్రాచలంలో సెల్‌ఫోన్లు మోగడం అప్పుడప్పుడే మొదలైంది. ఊరు దాటి అడవిలో అడుగుపెడితే మాత్రం ఆ ఫోను టైము చూసుకోవడానికి తప్ప దేనికీ పనికొచ్చేది కాదు. మా స్కూలు సైన్సు ఫెయిర్‌కు ఒక పెద్దాయన వచ్చారు. టెలిఫోన్ల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. మధిర వైపు మనిషి, మాట మెత్తన. ఖమ్మంలో హామ్ రేడియో వాళ్లను, అంటే సొంత సెట్లతో సరదాకు దూరదూరాలకు మాట్లాడుకునేవాళ్లను, పోగుచేసి ఒక క్లబ్బు నడిపేవారు. ఆయన మా వరండాలో ఒక సెట్టు పెట్టి, వైరొకటి కిటికీకి కట్టి, ఎక్కడో కటక్‌లో ఉన్న మనిషితో "మీ దగ్గర వాన పడుతోందా" అని మాట్లాడారు. అవతలి మనిషి పడుతోందన్నాడు. మా దగ్గర ఎండ మండిపోతోంది. నాకు ముక్కు మీద కోపమెంతో, మనసు పడ్డదాని మీద పట్టు కూడా అంతే. ఆ సాయంత్రమే పుస్తకం ఇమ్మని ఆయన్ని పట్టుకున్నాను.

లైసెన్సు పరీక్ష రాశాను, పాసయ్యాను. పోలీసులు ఇంటికొచ్చి ఎంక్వయిరీ చేసి వెళ్లారు. ఎన్నాళ్లకో లైసెన్సు వచ్చింది. మా ఆయన ఎక్కడో కనుక్కుని ఒక హ్యాండీ తెచ్చిచ్చాడు. చేతిలో పట్టుకుని మాట్లాడే చిన్న సెట్టును మావాళ్లు హ్యాండీ అంటారు. దాన్ని చూసుకుని మురిసిపోయాను. తీరా చూస్తే దానిలోంచి వచ్చేది ఒకటే చప్పుడు, నూనెలో ఆవాలు వేగుతున్నట్టు. మాట్లాడే మనిషి లేడు. ఎందుకంటే చేతి సెట్టు మాట ఎంతో దూరం పోదు. చెట్టొస్తే అడ్డం, గుట్టొస్తే అడ్డం. అందుకే ఎత్తైన చోట రిపీటర్ అనే పెట్టె ఒకటి పెడతారు. అది ఒక ఫ్రీక్వెన్సీలో మన మాట వింటుంది, విన్నదాన్ని విన్నట్టే ఇంకో ఫ్రీక్వెన్సీలో నలుదిక్కులా గట్టిగా చెబుతుంది. ఎవరు పడితే వాళ్లు దాని తలుపు తట్టకుండా ఒక ఏర్పాటు ఉంటుంది. మన గొంతుతోపాటు చెవికి వినపడనంత సన్నటి టోను ఒకటి పంపాలి. ఆ టోను సరైనదైతేనే పెట్టె తలుపు తీస్తుంది. వినే ఫ్రీక్వెన్సీ, పంపే ఫ్రీక్వెన్సీ, టోను, మూడూ కలిపి సెట్టు మెమరీలో ఒక నంబరు కింద దాచుకోవచ్చు. తర్వాత గుండీ తిప్పి ఆ నంబరుకు వస్తే చాలు.

నేను దాచుకున్నాను. హైదరాబాద్ రిపీటర్, విజయవాడ రిపీటర్, విశాఖ రిపీటర్, బెంగళూరు రిపీటర్, అన్నీ వరుసగా మెమరీలో పెట్టుకున్నాను. ఒక్కటీ మా ఇంటిదాకా రాదు. మా ఆయన నవ్వి "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నాడు. నాకు మండింది. మండినా ఆయన అన్నదాంట్లో తప్పులేదు. సంతలో బూర కొన్న పిల్ల ఊదడానికి ఊపిరి లేక కూర్చున్నట్టుగా ఉండేది నా పని.

అప్పుడు క్లబ్బుకు ఒక రిపీటర్ దొరికింది. ఒకటే. దాన్ని ఖమ్మంలో మెడికల్ షాపు నడిపే సభ్యుడు తన మేడ మీద పెట్టిద్దామన్నాడు. సభ్యులంతా ఖమ్మంలోనే ఉన్నారు, కరెంటుంది, కాపలా ఉంది. అడవి వైపు ఉన్నది నేనొక్కదాన్నే. ఆ పెట్టె ఖమ్మం మేడెక్కిందంటే నా హ్యాండీ బతికినంత కాలం ఆవాలు వేయించాల్సిందే. నేను పెద్దాయనకు ఫోన్ చేసి పోట్లాడాను. "ఖమ్మంలో ఉన్నోళ్లకు ఒకరినొకరు చూసుకోవాలంటే సైకిలెక్కితే చాలు సార్. రిపీటర్ అడవి అంచున ఉండాలి" అన్నాను. ఆయన పోట్లాడే మనిషి కాదు. వచ్చే ఆదివారం వస్తాను, మాట్లాడుకుందామన్నారు.

ఆదివారం వచ్చారు. కోడికూర, గోంగూర పచ్చడి. విస్తరి ముందు కూర్చోగానే నేను మొదలుపెట్టాను. పెద్దాయన ముద్ద కలుపుకుంటూ "సరేనమ్మా, ఎక్కడ పెడదామంటావు? చోటు చెప్పు" అన్నారు. ఏన్కూరు అవతల అడవి మొదట్లో ఒక గుట్ట ఉందన్నాను. నిజానికి ఆ గుట్టను నేను బస్సు కిటికీలోంచి చూడడమే. గుట్ట మాట చెవిన పడగానే అత్తమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి వచ్చింది.

"ఏ గుట్ట? మా పుట్టినూరి కాడి గుట్టనా? మా బర్రె తప్పిపోయింది ఆడనే సారు. నేనప్పుడు గింత ఉన్న. సూడిబర్రె, నుదుట తెల్లమచ్చ. మా నాయిన అడివి ఇవతల నిలబడి కూతేసిండు, తెల్లమచ్చ బర్రెను ఎవలన్న సూసిండ్రా అని. గుట్ట మీద మేకలు కాసేటాయన ఉండె. ఆయన గా కూత అందుకొని, అటు తిరిగి, గుట్ట అవతలికి గదే కూత మల్ల ఏసిండు. ఒక్క మాట పొల్లు పోకుంట. అవతల ఊరోళ్లు ఇన్నరు. ఇని..."

ఆగింది. పెద్దాయన వైపు చూసింది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని, తల వంచి, ఎంతో శ్రద్ధగా వింటున్నారు. నోటిలోంచి చప్పుడు లేదు. రేడియోలో ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు కిమ్మనకూడదు. వాళ్లు 'ఓవర్' అనేదాకా ఊపిరి కూడా వినపడకూడదు. అది ఆయనకు ఏళ్ల తరబడి అలవాటైన మర్యాద. అత్తమ్మ ఊఁ కోసం చూసింది. ఆయన ఓవర్ కోసం చూశారు. నేను కొడదామంటే నా నోట్లో బొమిక ఉంది.

"కూరేసుకోండ్రి సారు" అని అత్తమ్మ లోపలికి వెళ్లిపోయింది.

పెద్దాయన తెల్లబోయారు. "తర్వాత ఏమైందమ్మా?" అని నన్నడిగారు. "నాకూ తెలియదు సార్. మీరు ఊఁ కొట్టలేదు" అన్నాను. "అయ్యో, ఆవిడ మాటకు అడ్డం రాకూడదని ఊరుకున్నానమ్మా" అన్నారు పాపం. వంటింటి వైపు తిరిగి "అమ్మా, ఇంతకీ ఆ బర్రె దొరికిందా?" అని రెండుసార్లు అడిగారు. లోపల గిన్నెల చప్పుడు తప్ప జవాబు లేదు. చేతులు కడుక్కుంటున్నప్పుడు మాత్రం ఆయన ఆగి, నా వైపు చూశారు.

"అంటే, ఆ గుట్ట మీద నిలబడితే మాట రెండు వైపులకూ పోతుందన్నమాట. ఒకసారి ఎక్కి చూడాల్సిందే" అన్నారు.

ఎక్కి చూశారు. అడవి శాఖ వాళ్ల దగ్గర అనుమతి తీసుకుని, ఒక్క రోజు ప్రయత్నంగా రిపీటర్‌ను కారు బ్యాటరీతో సహా గుట్ట మీదికి మోయించే ఏర్పాటు చేశారు. మెడికల్ షాపు ఆయన ఒక షరతు పెట్టాడు. బూర్గంపాడు దాకా అందితే చాలదు, గోదారి ఒడ్డున పర్ణశాల నుంచి మాట్లాడి చూపించాలి. అక్కడికి యాత్రికులు వస్తారు, పడవలెక్కుతారు, ఫోన్లు పనిచేయవు. అంత దూరం అందితే గుట్ట మీద ఉంచడంలో అర్థముంది, లేదంటే సాయంత్రానికి దించి తన మేడ మీద పెట్టేద్దాం, అన్నాడు. అతను మాట్లాడిన తీరుకు కోపం వచ్చింది గానీ, న్యాయంగానే ఉంది. ఒప్పుకున్నాను. ఒప్పుకున్న క్షణం నుంచి నాకు నిద్రలేదు.

ముందురోజు సాయంత్రం పెద్దాయన ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేశారు. ఇంకేదో వైర్‌లెస్ మా టోనుకు దగ్గరగా ఉండి రిపీటర్ ఊరికే తెరుచుకుంటోందట, అందుకని టోను మార్చాం, కొత్త నంబరు రాసుకో అన్నారు. తెల్లారి లేవగానే హ్యాండీలో గుట్ట రిపీటర్ కోసం ముందే దాచుకున్న నంబరుకు వెళ్లి పాత టోను తీసి కొత్తది పెట్టాను. అనుకున్న వేళకు గుట్ట మీద పెట్టె ఆన్ చేశారు. మా పెరట్లో బోరింగు పక్కన నిలబడి బటన్ నొక్కి, లైసెన్సుతోపాటు నాకిచ్చిన రేడియో పేరు, కాల్‌సైన్ చెప్పి, వదిలాను.

వదలగానే సెట్టులోంచి "ఖుష్ష్" మని సన్నటి చప్పుడు వచ్చి ఒక క్షణం నిలిచి టప్పున ఆగిపోయింది. అది రిపీటర్ తోక. మనం మాట ముగించాక పెట్టె వెంటనే నోరు మూయదు, ఒక క్షణం అలాగే తెరిచి ఉంటుంది. ఆ చప్పుడు వినపడిందంటే మన మాట గుట్టకు చేరినట్టే. నేను పెరట్లోనే గంతేశాను. అత్తమ్మ కోళ్లకు నూకలు చల్లుతూ "ఏందే అది?" అంది.

"నేను చెప్పింది గుట్టకు ఇనపడ్డదని గుర్తు అత్తమ్మా."

"అంటే ఊఁ కొట్టిందన్నట్టు."

నాకు ఇంకో మాట దొరకలేదు. "అవ్, ఊఁ కొట్టింది" అన్నాను.

"ఆ ఖమ్మం సారు కన్న గుట్ట నయం" అంది. నూకల గిన్నె పక్కన పెట్టి, "నేను గూడ వస్త పర్ణశాలకు. నా ముచ్చట గూడ గుట్టకు చెప్పొచ్చా?" అని అడిగింది. లైసెన్సు లేనివాళ్లు ఇందులో మాట్లాడకూడదని చెప్పాను. "మాట్లాడనీకి లైసెన్సేంది?" అని విడ్డూరంగా చూసింది. చూసినా చీర మార్చుకుని వచ్చింది. దారికి పులిహోర కట్టింది.

ఆటోలో వంతెన మీద గోదారి దాటుతూ నొక్కాను. ఊఁ అంది. భద్రాచలం బస్టాండులో నొక్కాను. ఊఁ అంది. పెద్దాయన గొంతు గుట్ట మీద నుంచి ఖణేల్‌మని వినపడింది, "భద్రాచలం బాగుంది, పదండి ముందుకు" అని. బస్సులో నేను, అత్తమ్మ, పక్కసీట్లో మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒక ఆమె. నేను ఆగలేక కిటికీలోంచి హ్యాండీ బయటపెట్టి మళ్లీ నొక్కాను. సన్నగా, కానీ ఊఁ అంది. అత్తమ్మ ప్రతిసారీ చెవి దగ్గరగా పెట్టి విని, తల ఊపింది. నేను కాల్‌సైన్ చెప్పేది, గుట్ట ఊఁ అనేది, ఆమె తల ఊపేది.

దారిలో చెక్‌పోస్టు దగ్గర బస్సాపారు. ఆ రోజుల్లో మా అడవిలో వైర్‌లెస్ సెట్టు చేతిలో ఉన్నదంటే మనిషి అయితే పోలీసన్నా కావాలి, లేదా పోలీసులు వెతికే మనిషన్నా కావాలి. కానిస్టేబుల్ నా చేతిలో ఏరియల్ చూసి, "దిగమ్మా" అన్నాడు. లైసెన్సు చూపించాను. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "మా సెట్లు ఇనపడ్తయా ఇందుల?" అని అడిగాడు. వినపడవని చూపించడానికి గుండీ తిప్పాను. ఇది హైదరాబాద్, ఇది విజయవాడ, ఇది విశాఖ. అన్నిటిలోనూ ఆవాలే. తిరిగి గుట్ట నంబరుకు వచ్చి ఆపాను. "గిదేం రేడియో? పాటలు గూడ రావు" అన్నాడు. బస్సు కిటికీలోంచి అత్తమ్మ "పాటలు రావయ్యా, ఊఁ మాత్రం కొడ్తది" అంది. అతనికి అర్థం కాలేదు. ఎక్కమన్నాడు.

పర్ణశాలలో దిగేసరికి ఎండ నెత్తిమీద ఉంది. గుడి ముందు కొబ్బరికాయల దుకాణాలు, రేవులో పడవలు. నేను దర్శనం మాట కూడా తలవకుండా నేరుగా ఏటి ఒడ్డుకు నడిచాను. పాత టీవీ యాంటెనా చదునైన వైరుతో స్వయంగా చేసుకున్న ఏరియల్ ఒకటి నా దగ్గరుంది. టీ కొట్టు ఆమెను అడిగి, వెదురుగడ తీసుకుని, వైరు దానికి కట్టి నిలబెట్టాను. గుట్ట మాటలు స్పష్టంగా వస్తున్నాయి. "పర్ణశాల స్టేషన్, మీకోసం చూస్తున్నాం" అంటున్నారు పెద్దాయన. బటన్ నొక్కి, కాల్‌సైన్ చెప్పి, "పర్ణశాల నుంచి పిలుస్తున్నాను" అని వదిలాను.

ఏమీ లేదు. మళ్లీ పిలిచాను. ఒడ్డున చోటు మార్చాను, గడ మార్చాను. పడవ ముక్కు మీద నిలబడి పిలిచాను. సీతమ్మ నారచీరలు ఆరేసుకుందని చూపించే రాళ్ల వైపు తిరిగి పిలిచాను. వాళ్ల మాట నాకు వస్తోంది, నా మాట వాళ్లకు పోవడం లేదు. గుట్ట మీద పెట్టెకు బలముంటుంది, నా చేతి సెట్టుకు ఎంత బలముంటుంది, దూరం ఎక్కువై ఉంటుంది అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, పవర్ పూర్తిగా పెంచి పిలిచాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. యాత్రికులు చుట్టూ చేరారు. వేరుశనక్కాయలు తింటూ ఒకాయన "ఎవలు పోయిండ్రమ్మా ఏట్ల?" అని అడిగాడు. ఎవరూ పోలేదని కసిరాను. హ్యాండీలో బ్యాటరీ గుర్తు సగానికి, సగం నుంచి అడుక్కు వచ్చింది. చెమటతో చేయి జారుతోంది.

అప్పుడు వినపడింది పెద్దాయన గొంతు. ఆ గొంతులో నిరాశ ఉంది. "పర్ణశాల స్టేషన్, మీరు వింటున్నారేమో గాని మాకు వినపడడం లేదు. ఇక్కడ గాలి ఎక్కువైంది. ఇంకాసేపు చూసి దించేస్తామమ్మా." వెనకాల మెడికల్ షాపు ఆయన "నేను చెప్పలేదా" అనడం కూడా రిపీటర్ అక్షరం పొల్లు పోకుండా నాకు అందించింది.

నేను రేవు మెట్ల మీద కూలబడ్డాను. నిజం చెబుతున్నాను, ఏడుపొచ్చింది. ఈ పెట్టె ఇవాళ దిగిందంటే నా సెట్టును బీరువాలో పెట్టేయడమే. అత్తమ్మ పులిహోర పొట్లం విప్పబోతూ ఆపి నా పక్కన కూర్చుంది.

"గుట్ట ఊఁ అంటలేదు గదా" అంది.

"దూరమైంది అత్తమ్మా. అందుతలేదు."

"దూరమైతే సన్నగ అంటది. బస్సుల గట్లనే అన్నది, నేనిన్న. ఉన్నట్టుండి అసలే అనకుంట అయితదా?" అని, కాసేపు ఏటి వైపు చూసి, "అలిగినట్టున్నది" అంది.

"గుట్ట అలుగుడేంది అత్తమ్మా?"

"ఏమో. చెక్‌పోస్టు కాడ నువ్వు పోలీసాయనకు గుండీ తిప్పి అన్ని ఊర్లు చూపిచ్చినవ్ సూడు. ఆడిదాకా ఊఁ అన్నది. అటెన్క అనలే."

ఆమె మామూలుగా అంది. నాకు మాత్రం నెత్తిన ఎవరో చెంబెడు నీళ్లు కుమ్మరించినట్టయింది. గుండీ తిప్పాను. తిప్పి మళ్లీ వచ్చాను. పొద్దున కొత్త టోను పెట్టాను గాని మెమరీలో దాచలేదు. దాచకుండా మార్చింది ఆ నంబరు మీద ఉన్నంతసేపే నిలుస్తుంది. పక్క నంబరుకు పోయి తిరిగొస్తే సెట్టు తన పాత జ్ఞాపకానికే పోతుంది. చెక్‌పోస్టు నుంచి ఇప్పటిదాకా నేను పాత టోనుతో తలుపు తడుతున్నాను. తీస్తే ఒట్టు.

సెట్టు తెర చూశాను. పాత టోనే ఉంది. కొత్తది పెట్టాను, ఈసారి మెమరీలో దాచాను, దాచినట్టు సెట్టు పీక్ మనేదాకా బటన్ వదల్లేదు. గడకున్న వైరు కలిపాను. నొక్కి కాల్‌సైన్ చెప్పాను, "పర్ణశాల" అన్నాను, వదిలాను.

"ఖుష్ష్."

"ఊఁ అన్నది" అంది అత్తమ్మ, నాకంటే ముందు.

గుట్ట మీద ఒక్కసారిగా గోల. ఇద్దరు ముగ్గురు ఒకరి మీద ఒకరు మాట్లాడేశారు, అన్ని మర్యాదలూ మరిచిపోయి. పెద్దాయన అందరినీ ఊరుకోబెట్టి, "పర్ణశాల స్టేషన్, మళ్లీ చెప్పండి, మళ్లీ చెప్పండి" అన్నారు. నొక్కాను. నోరు తెరిచేలోగా సెట్టు ఆరిపోయింది. బ్యాటరీ అయిపోవచ్చింది. అంతసేపు పూర్తి పవర్‌తో అరిచింది ఊరికే పోతుందా? మళ్లీ ఆన్ చేసి, పవర్ అడుక్కు తగ్గించి, నొక్కి మాట్లాడాను. ఈసారి సెట్టు నిలబడింది, తోక వినపడింది.

"మీ మాట ఏమీ తెలియడం లేదమ్మా, అంతా గరగర. కానీ మీరు నొక్కినట్టు తెలుస్తోంది" అన్నారు పెద్దాయన. "బ్యాటరీ అయిపోతోందా?"

ఎలా చెప్పను? అత్తమ్మ నా మోచేయి పొడిచింది. "ఊఁ అను. ఊఁ అంటే చాలదా?"

మాట లేకుండా ఒక్కసారి నొక్కి వదిలాను. ఖుష్ష్. గుట్ట నా తరఫున ఊఁ అంది. పెద్దాయనకు వెంటనే తట్టింది. "అర్థమైంది. అవునైతే ఒకసారి, కాదంటే రెండుసార్లు నొక్కండి. మీరు నిజంగా పర్ణశాలలోనే ఉన్నారా?" ఒకసారి నొక్కాను. మెడికల్ షాపు ఆయన మైకు లాక్కున్నట్టున్నాడు. "ఊరికే నొక్కితే ఎట్ల తెలుస్తది? మీరున్నది బూర్గంపాడు వైపు ఒడ్డేనా?" అన్నాడు. తెలివి చూడండి. పర్ణశాల ఉన్నది భద్రాచలం వైపు ఒడ్డున. బూర్గంపాడు వైపని ఎందుకు ఒప్పుకుంటాను? రెండుసార్లు నొక్కాను, కసిగా. అటు నవ్వులు వినపడ్డాయి. "గోదారి కనపడుతోందా?" ఊఁ. "అన్నం తిన్నారా?" ఊఁ, ఊఁ. పులిహోర ఇంకా పొట్లంలోనే ఉంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. చుట్టూ ఉన్న యాత్రికులకు ఏమీ తెలియకపోయినా వాళ్లూ నవ్వుతున్నారు. వేరుశనక్కాయల ఆయన ఒక గుప్పెడు తెచ్చి అత్తమ్మ ఒళ్లో పోశాడు.

తర్వాత మెడికల్ షాపు ఆయన గొంతే వచ్చింది. "నాకేం అభ్యంతరం లేదు మేడమ్. పెట్టె గుట్ట మీదనే ఉంటది" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నేనేం చేశానో నాకు సరిగా గుర్తులేదు. అత్తమ్మను గట్టిగా పట్టుకున్నానని ఆమె తర్వాత అందరికీ చెప్పింది.

బ్యాటరీ గుర్తు మిణుకుమంటోంది. ఇక సెలవు చెబుతారనుకున్నాను. పెద్దాయన గొంతు మళ్లీ వచ్చింది, ఈసారి కొంచెం తగ్గి, మొహమాటంగా.

"పర్ణశాల స్టేషన్, మీ అత్తగారు పక్కన ఉన్నారా?"

నొక్కాను. ఊఁ.

"అయితే ఒక్కమాట అడిగి చెప్పండి. ఇంతకీ ఆ బర్రె దొరికిందా? ఓవర్."

నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె చేతిలో వేరుశనక్కాయ ఒలవడం ఆపేసింది. ఎండలో కళ్లు చికిలించి, గోదారి అవతల, అడవి అవతల, ఇక్కడికి కనపడని తన పుట్టినూరి గుట్ట వైపు చూసింది. ముఖంలో అలక లేదు. ఊఁ అన్నట్టు తల ఊపింది.

నేను నొక్కి వదిలాను. ఖుష్ష్ మని వచ్చింది, నిలిచింది, ఆగింది. దాంతోపాటు నా సెట్టూ ఆరిపోయింది. అటు వాళ్లు ఏమన్నారో మాకు వినపడలేదు.

"దొరికింది అన్నంత మాత్రాన కథ అయిపోయినట్టేనా? ఎట్ల దొరికిందో వద్దా?" అంది అత్తమ్మ, పులిహోర నా చేతిలో పెడుతూ.

తర్వాతి వారం రిపీటర్‌ను గుట్ట మీద శాశ్వతంగా బిగించడానికి వెళుతూ పెద్దాయన మా ఇంటి మీదుగా వచ్చారు. బూర్గంపాడు ఆ దారిలో లేదు. అయినా వచ్చారు. టీ కూడా తాగకుండా, అరుగు మీద అత్తమ్మ ఎదురుగా కూర్చుని, "చెప్పండమ్మా. అవతల ఊరివాళ్లు విన్నారు. విని?" అన్నారు.

అత్తమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఊఁ కొడ్తరా?"

"ఊఁ" అన్నారు పెద్దాయన.